నలభయ్యో సందేహం

శిక్షణకు రమ్మని ఉత్తర్వు వచ్చేనాటికి మా ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి మూడేళ్ళ రెండు నెలలు. ఇంకా పొంగలేదు. నేను చూస్తున్నాను కాబట్టి పొంగలేదు.

పెట్టింది నా భార్య వకుళ. ఉదయం ఏడూ పదికి గిన్నె పొయ్యి మీద పెట్టి, "ఒక్క నిమిషం పాలు చూస్తుండండి, కరివేపాకు తుంచుకుని ఇప్పుడే వస్తాను" అని పెరట్లోకి వెళ్ళింది. మొక్క దగ్గరే పడిపోయిందని పక్కింటివాళ్ళు వచ్చి చెప్పారు. గుండె అన్నారు. ఆమెను ముందుగదిలోంచి బయటికి తీసుకెళ్ళేటప్పుడు పాల మీదుగా ఒక నీడ నెమ్మదిగా దాటింది. నేను తల తిప్పలేదు. చూస్తుండమని చెప్పింది కదా. పాలు పొంగనంతకాలం ఆ నిమిషం అయిపోదు. అది అయిపోనంతకాలం ఆమె ఇప్పుడే వస్తుంది.

సిలిండరు ఆ నెలలోనే ఖాళీ అయింది. మంట మాత్రం వెలుగుతూనే ఉంది. అడగని సాయం అది, అందుకని నేను దాని గురించి ఎవరినీ అడగలేదు.

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. స్టవ్వును రోజూ బడికి తీసుకెళ్ళి ప్రయోగశాల బల్ల మీద పెట్టుకుంటాను. పాల మీంచి చూపు తియ్యకుండా, చెయ్యి వెనక్కి చాపి బోర్డు మీద రాయడం నేర్చుకున్నాను. మొదట్లో అక్షరాలు వంకర పోయేవి. ఇప్పుడు నా దస్తూరీ మునుపటికన్నా బాగుందని హెడ్మాస్టరు గారే అంటారు. రాత్రిళ్ళు పొయ్యి వైపు తిరిగి పడుకుంటాను. ఈ మూడేళ్ళలో నా కనురెప్పలు బాగా పలచబడ్డాయి. వాటి గుండా నీలం మంట కనిపిస్తూనే ఉంటుంది.

ఉత్తర్వులో ఇలా ఉంది: గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు వృత్యంతర శిక్షణ, ఐదు రోజులు, అక్కడే బస, ఖర్చంతా గ్రాంటు నుంచి. రానివారు రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలి. నా వివరణ ఒక వాక్యంలో రాయలేను. అందుకని స్టవ్వు పట్టుకుని బస్సెక్కుతాను.

కండక్టరు గిన్నెలోకి తొంగి చూస్తాడు.

"ఎవరి పాలు సార్ ఇయ్యి?"

"మా ఇంట్లో ఆవిడవి."

"ఆమె రాలేదా?"

"ఇప్పుడే వస్తుంది."

అతను కాసేపు ఆలోచించి పాలకు అర టికెట్టు కొడతాడు. ముందు సీటులో ఉన్నావిడను లేపి మమ్మల్ని కూర్చోబెడతాడు. ఆవిడ విసుక్కోదు, పైగా గాలి తగలకుండా కొంగు అడ్డం పెడుతుంది. గతుకులొచ్చినప్పుడల్లా డ్రైవరు బస్సును చేత్తో ఎత్తి అవతల దించినట్టు పోనిస్తాడు. జిల్లా కేంద్రం చేరేదాకా పాల మీద ఒక్క ముడత పడదు.

శిక్షణ కళాశాల వరండాలో త్రివేణి మేడమ్ బల్ల వేసుకుని కూర్చుని ఉంటారు. మాకు శిక్షణ ఇచ్చేది ఆవిడే. ఒక సంచి, ఒక పెన్ను, ఒక ఫారం ఇస్తారు. పేరు, పాఠశాల, సబ్జెక్టు. చివరి గడి 'సందేహం'. నేను 'లేదు' అని రాస్తాను.

"లేదు అని రాయకూడదు సార్. గ్రాంటు వచ్చిందే సందేహాలకి." ఆవిడ షరతులు చదివి వినిపిస్తారు. "నలభై మంది టీచర్లు, నలభై సందేహాలు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా అన్నీ తీరాలి. ఒక్కటి మిగిలినా గ్రాంటు వెనక్కి పోతుంది. గ్రాంటుతో తీరినవన్నీ కూడా వెనక్కి పోతాయి."

"తీరితే ఏమవుతుంది మేడమ్?"

"ముగుస్తుంది సార్. అంతే కదా తీరడమంటే." ఆవిడ స్టవ్వు వైపు చూస్తారు. "ఇదేంటి?"

చెప్పక తప్పదు. ఇరవయ్యారేళ్ళపాటు వకుళ పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి నన్ను అడిగేది. ఏమండీ, చూస్తుంటే పొంగవు, తల తిప్పితే పొంగుతాయి, ఎందుకండీ? నేను పేపరు చదువుతూ, రేపు చెబుతాలే అనేవాణ్ణి. చాలా రేపులు గడిచాయి.

త్రివేణి మేడమ్ నా ఫారంలో 'లేదు' కొట్టేసి, 'పాలు' అని రాస్తారు. పక్కన నలభై అంకె వేసి చుట్టూ సున్నా చుడతారు.

నాకు గదిలో తోడు మస్తాన్‌వలి, లెక్కల మాస్టారు. నేను స్టవ్వుతో లోపలికి రాగానే మంచం మీంచి లేచి కూర్చుంటాడు.

"ఏంది సారూ ఇది? భోజనాలన్నీ గ్రాంటులోనేనంట గదా. వంట మనిషి మీద అంత అనుమానమా?"

నేను విషయం చెబుతాను. అతను నవ్వడు. వేలు గిన్నె అంచుకు తగిలించి, వెంటనే తీసి చెవి పట్టుకుంటాడు.

"అయితే స్నానానికెట్టా పోతన్నారు?"

"తలుపు తీసి పెట్టుకుంటాను."

"మూడేళ్ళ నుంచా!" అతను తువ్వాలు నా భుజం మీద వేస్తాడు. "తలుపేసుకుని పొయ్యి రండి. పదో తరగతి పరీక్షల్లో పద్దెనిమిదేళ్ళ నుంచి ఇన్విజిలేషన్ చేస్తన్నా. రెప్ప వెయ్యకుండా కూర్చోవడమే గదా మన చదువు. ఇంతమంది పిల్లోళ్ళని చూశా, ఒక గిన్నెని చూళ్ళేనా?"

మూడేళ్ళ తరవాత తలుపేసుకుని స్నానం చేస్తాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఎంతసేపు పోసుకున్నా ఎవరూ ఏమీ అనరు. తిరిగి వచ్చి అతని పక్కన కూర్చుని, నా చూపు పాల మీద ఆనాక, "ఇక మీరు లేవచ్చు" అంటాను. అతను లేస్తాడు. నాలుగు రోజులూ ఇదే పద్ధతి. ఎవరు కాసేపు చూసినా, మళ్ళీ నాకే అప్పగిస్తారు.

మొదటి రోజు ముందస్తు పరీక్ష. ఎవరి సందేహం వాళ్ళకే ప్రశ్నగా వస్తుంది. నేను తెల్ల కాగితం ఇస్తాను. మిగతావాళ్ళూ తెల్ల కాగితాలే ఇస్తారు. త్రివేణి మేడమ్ సంతోషిస్తారు. మొదట ఏమీ తెలియకపోవడం గ్రాంటుకు మంచిది.

మంగళవారం ఎస్తేరు రాణి గారి సందేహం తీరుతుంది. ఆవిడ జీవశాస్త్రం చెబుతుంది, కానీ సందేహం అద్దం గురించి. అద్దంలో కుడి ఎడమవుతుంది, మరి తల కిందికి ఎందుకు రాదు? త్రివేణి మేడమ్ ఆవిణ్ణి అద్దం ముందు నిలబెట్టి, అద్దం మార్చేది కుడినీ కాదు, ఎడమనూ కాదు, ముందునీ వెనకనీ అని చూపిస్తారు. ఎస్తేరు రాణి "ఓసి దీని దుంపతెగ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ క్షణం నుంచి ఏ అద్దంలో చూసుకున్నా ఆవిడకు వెనక గోడ తప్ప ఏమీ కనిపించదు.

"పోనీలెండి, పీడా వదిలింది" అంటుందావిడ. "యాభై దగ్గర పడ్డాక అద్దంతో పనేముంది? ఒక్కటే బాధ, బొట్టు ఎక్కడ పెట్టుకున్నానో మీరే చెప్పాలి."

రోజూ ఉదయం ఎవరో ఒకరు ఆవిడకు బొట్టు సరిచేస్తారు.

బుధవారం మస్తాన్‌వలి వంతు. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది? పద్దెనిమిదేళ్ళుగా పిల్లలతో వల్లె వేయించాడు గాని తనకు నమ్మకం లేదట. త్రివేణి మేడమ్ హాలు పొడవునా సుద్దతో సంఖ్యారేఖ గీసి అతన్ని సున్నా మీద నిలబెడతారు.

"వెనక్కి తిరగండి సార్. ఇప్పుడు వెనక్కి అడుగులెయ్యండి."

అతను వెనక్కి తిరిగి, వెనక్కి నడుస్తాడు. మూడు అడుగులయ్యాక కిందికి చూసుకుంటే ప్లస్ మూడు మీద ఉంటాడు. చాలాసేపు అక్కడే నిలబడిపోతాడు. అప్పుడు అతని జేబులో ఫోను మోగుతుంది.

అవతల అతని అన్న. ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. "అన్నా" అంటాడు మస్తాన్‌వలి. తరవాత, "ఆ, తిన్నాలే. సొరకాయ పప్పు." తరవాత వింటూ ఉంటాడు. మేమందరం కాగితాల్లో ఏదో రాసుకుంటున్నట్టు తలలు వంచుకుంటాం. నేను పాల మీదికి వంచుకుంటాను. అతని అన్న మళ్ళీ సాయంత్రం చేస్తాడు. మర్నాడూ చేస్తాడు.

గురువారం మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిది సందేహాలు తీరి, కవర్లలో పెట్టి అతికించి, బీరువాలో ఉంటాయి. త్రివేణి మేడమ్ టీ గ్లాసుతో నా బల్ల దగ్గరికి వస్తారు.

"రేపు నాలుగింటికి సార్."

"నేనివ్వలేను మేడమ్."

"జవాబు మీకు తెలుసు కదా? ఎనిమిదో తరగతి పాఠమే."

"తెలుసు. చెప్పడానికి మనిషి లేదు. వచ్చాక చెబుతాను."

ఆవిడ వాదించరు. గ్లాసు నా చేతికి దగ్గరగా పెట్టి వెళ్ళిపోతారు.

భోజనాల దగ్గర మస్తాన్‌వలి నా పళ్ళెం తెచ్చి, నా చూపుకూ గిన్నెకూ మధ్య దారిలో పెడతాడు. తల తిప్పకుండా తినడానికి వీలుగా. మొదటి రోజు నుంచీ అలాగే పెడుతున్నాడు. ఏది ఎక్కడుందో చెబుతాడు. "కుడిచేతి వైపు దోసకాయ పచ్చడి. కారం మండిపోతాంది, జాగర్త."

నేను తింటాను. అతను తినడు.

"సారూ, మీ పాలు మీ ఇష్టం" అంటాడు కాసేపటికి. "గ్రాంటు పోతే మా అన్న ఫోను కూడా పోద్దని నాకు తెలుసు. మీరు దాని గురించి ఆలోచించబాకండి. రేపటికి మూడు రోజులు మాట్లాడినట్టయిద్ది. పదకొండేళ్ళకి మూడు రోజులు తక్కువేం గాదు."

నేను పాలను చూస్తూ ఉంటాను. పచ్చడి నిజంగానే చాలా కారంగా ఉంది.

శుక్రవారం తుది పరీక్ష. లెక్కలవాళ్ళూ జీవశాస్త్రంవాళ్ళూ ఉదయమే రాసేశారు. భౌతికశాస్త్రంవాళ్ళకు రెండు గంటలకి. పరీక్ష రాసేవాళ్ళు ముందుకే చూడాలి, బల్ల మీద ఏమీ ఉండకూడదు. స్టవ్వును హాలు వెనక, గోడ దగ్గరి బల్ల మీద పెడతారు. నేను కూర్చోకపోతే గ్రాంటు నాలుగింటిదాకా కూడా ఆగకుండా వెనక్కి పోతుంది. అందుకని కూర్చుంటాను. తెల్ల కాగితం ఇవ్వాలని నిర్ణయించుకుని కూర్చుంటాను.

"రెండు నుంచి రెండున్నర దాకా నేను చూస్తా" అంటాడు మస్తాన్‌వలి. "రెండున్నరకి ఎస్తేరమ్మ వచ్చి నన్ను విడిపిస్తది. మీరు నిశ్చింతగా రాసుకోండి."

త్రివేణి మేడమ్ ఈ ఒక్క రోజుకీ రిజిస్టరు తెస్తారు. ఎవరు చూశారు, ఎప్పటినుంచి, ఎవరు విడిపించారు, ఎన్నింటికి, ఇద్దరి సంతకాలు. రికార్డు లేకపోతే పని జరగనట్టేనని గ్రాంటు ఇచ్చినవాళ్ళ అభిప్రాయం. మొదటి వరుసలో మొదటి గడిలో నేను రాస్తాను: కోదండపాణి, ఉదయం ఏడూ పది. తారీఖు మూడేళ్ళ కిందటిది. ఎవరూ అభ్యంతరం చెప్పరు.

పాలున్న గదిలోనే పాలకు వీపు పెట్టి కూర్చోవడం మూడేళ్ళలో ఇదే మొదటిసారి. ఎదురుగా ఖాళీ బోర్డు. ఇంత పెద్ద వస్తువును చూసి చాలాకాలమైంది. దాని మూలన ఎవరో చిన్నగా ఒక పువ్వు గీసి, చెరపడం మర్చిపోయారు. దాన్ని చూస్తాను. తరవాత ప్రశ్న చూస్తాను.

చూస్తుంటే పొంగవు, తల తిప్పితే పొంగుతాయి. ఎందుకు?

కాగితం ఖాళీగా పెట్టి పెన్ను మూత బిగిస్తాను. పక్కన పెడతాను. దోసకాయ పచ్చడి గుర్తొస్తుంది. కుడిచేతి వైపు. మూడు రోజులు తక్కువేం కాదన్న మాట గుర్తొస్తుంది. మూత తీస్తాను.

పాలు కాగితే పైన మీగడ పొర కడుతుంది, కింద ఆవిరి చిక్కుకుంటుంది, పొరను ఎత్తుకుని పైకి వస్తుంది, అని రాస్తాను. ఇది ఎనిమిదో తరగతి పాఠం. తరవాతది ఏ పాఠంలోనూ లేదు. చూస్తున్నవాడు ఊరికే చూడడు, అని రాస్తాను. తనకు తెలియకుండానే అతని చెయ్యి మంట తగ్గిస్తూ ఉంటుంది. పాలు ఎప్పుడూ ఎవరికోసమూ ఆగలేదు. నేనే ఆపుతున్నాను.

చివర చుక్క పెడతాను.

వెనకనుంచి ఎస్తేరు రాణి గొంతు వినిపిస్తుంది. "రెండున్నర అయింది అన్నయ్యా, నేను చూస్తున్నా, లేవండి."

"ఆగమ్మా, ముందు సంతకాలు. టైము ఎంతని రాయను? రెండూ ముప్పయ్యా, ముప్పై ఒకటా?"

"ఏదీ, గడియారం... ముప్పై ఒకటి."

"ముప్పయ్యేలే, ముల్లు ఇంకా దాటలా."

ఇద్దరూ ఏళ్ళ తరబడి ఇన్విజిలేషన్ అలవాటు ప్రకారం గోడ గడియారం వైపు తలలెత్తి ఉంటారు. నాకు కనిపించదు, కానీ తెలుస్తుంది. సరిగ్గా సంతకం చేసేవాళ్ళు సరైన టైము చూడకుండా చెయ్యరు. తరవాత 'సుయ్' మని ఒక చిన్న చప్పుడు. తరవాత మాడిన పాల వాసన. మా వంటింటి వాసన.

"అయ్యో సారూ!" అంటాడు మస్తాన్‌వలి. "అయ్యో, ఎంత పని చేశా సారూ! ఒక్క క్షణం... సంతకానికి..."

నేను తల తిప్పుతాను.

హాలు వెనక గోడలో మా పెరటి తలుపు ఉంది. అది మూడేళ్ళుగా నా వెనకే ఉండి ఉండాలి. నేనే చూడలేదు. తలుపు అవతల కరివేపాకు మొక్క, గుమ్మం ఇవతల వకుళ చెప్పులు. వాటి వేళ్ళ వైపు ఇంట్లోకి తిరిగి ఉంది. బయటికి వెళ్ళేవాళ్ళ చెప్పులు అలా ఉండవు.

పాలు బల్ల మీంచి దిగి నేల మీదుగా, సంఖ్యారేఖ మీది సుద్ద చెరగకుండా, చెప్పుల దాకా వెళ్తాయి. ముందు ఎడమ చెప్పు నిండుతుంది. తరవాత కుడిది. అక్కడినుంచి పాలు పైకి లేస్తాయి. మడమలు, చీర కుచ్చిళ్ళు, గాజుల చెయ్యి, ఆ చేతిలో కరివేపాకు రెమ్మ. రెమ్మ ఒక్కటే ఆకుపచ్చగా ఉంది. భుజాలు. మెడ. అక్కడ ఆగిపోతాయి. గిన్నె ఖాళీ అయింది. మూడేళ్ళలో కొంత ఇగిరిపోయి ఉంటుంది. మెడ దాకా వచ్చినావిడ ఓపిగ్గా నిలబడి ఉంది.

పరీక్ష ఆగిపోతుంది. అది టీ సమయం. ఉదయం రాసినవాళ్ళూ వాసనకు లోపలికి వచ్చారు, అందరి చేతుల్లో టీ గ్లాసులున్నాయి.

మొదట మస్తాన్‌వలి కళ్ళు తుడుచుకుని వస్తాడు. తన గ్లాసులోని టీ ఆమె మెడ మీద జాగ్రత్తగా, అంచు వెంబడి పోస్తాడు. గడ్డం వస్తుంది. ఎస్తేరు రాణి పోస్తుంది. పెదవులు. ఒకరి తరవాత ఒకరు, తోసుకోకుండా, హాజరు పట్టీలో పేర్లున్న వరసలో వచ్చి పోస్తారు. త్రివేణి మేడమ్ చిట్టచివర వచ్చి, కళ్ళు వచ్చేలా పోస్తారు. ఆవిడ టీలో చక్కెర ఉండదు.

ఆమె ముఖం టీ రంగులో ఉంది. వకుళ అసలు రంగు అదే.

ఆమె ముందు పొయ్యి వైపు చూస్తుంది. నాలుక చప్పరిస్తుంది.

"ఒక్క నిమిషం చూడమంటే చూడలేరు కదండీ మీరు."

"చూశాను."

"చూస్తే ఎందుకు పొంగుతాయి?"

"రాశాను" అంటాను. నా జవాబు కాగితం త్రివేణి మేడమ్ చేతిలో ఉంది. ఆవిడ అది కవరులో పెట్టి, అంచు తడిచేసి అతికిస్తున్నారు. గడియారంలో ఇంకా నాలుగు కాలేదు. మస్తాన్‌వలి జేబులో ఫోను మోగుతుంది. "ఆ అన్నా" అంటూ అతను వరండాలోకి నడుస్తాడు.

నేను రిజిస్టరు ఆమె ముందు పెడతాను. నా పేరున్న వరసలో విడిపించినవారి గడి ఖాళీగా ఉంది. వకుళ కరివేపాకు రెమ్మను కొప్పులో గుచ్చుకుని, వేలితోనే సంతకం చేస్తుంది. సమయం గడి దగ్గర ఆగి, ఎక్కడా గడియారం చూడకుండా రాస్తుంది: ఏడూ పదకొండు.

కాగితం మీద ఆ తెల్లటి అంకెలు నెమ్మదిగా వేడెక్కుతాయి. వాటి మీద సన్నటి పొర కడుతుంది. పొర కింద ఏదో కదిలి, అంకెలు గడి గీతలకన్నా ఎత్తుగా ఉబ్బుతాయి.

నేను వాటిని చూడను. ఆమెను చూస్తుంటాను.